ఎక్వాఁ కోట

ఫ్రాన్సు వెళ్లిన మనవాళ్లు పారిస్ చూస్తారు, వెర్సాయ్ చూస్తారు, తిరిగి వచ్చేస్తారు. పారిస్‌కు ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల లోపే వున్న ఎక్వాఁ అనే చిన్న వూరి సంగతి ఎవరూ ఎత్తరు. రైలు దిగి, అడవిలో బాటవెంట కొంతసేపు నడిస్తే, గుట్టమీద నాలుగు వందల ఏళ్లు దాటిన కోట వున్నది.

దీన్ని కట్టించినవాడు ఆన్ ద మోమరాన్సీ. ఆడమనిషి అనుకునేరు! మగవాడే. జ్ఞానస్నానంనాడు తల్లిగా నిలిచిన రాణి ఆన్ పేరు ఆయనకు పెట్టారు. 1538లో ఆయన ‘కాన్‌స్టేబుల్’ అయినాడు. అంటే మన పోలీసు జవాను కాడు సుమా, రాజు తర్వాత సైన్యానికంతకూ పెద్ద! కోట పనీ ఆ రోజుల్లోనే మొదలైంది. “దారి తప్పను” అనే అర్థం వచ్చే గ్రీకు మాట ఆయన నినాదం.

మైకెలాంజిలో ఒక పోపు సమాధికోసం చెక్కిన బందీల విగ్రహాలు రెండు, చేతులు మారి, ఈ కోట గూళ్లకు చేరాయి. ఆన్ మనవడు మాత్రం దారి తప్పాడు; రాజుమీద తిరగబడ్డాడు. 1632లో విగ్రహాలు మంత్రి రిషల్యూ పాలయ్యాయి. ఆ యేడే మనవడి తల తెగింది. అసలు విగ్రహాలు ఇప్పుడు లూవ్ర మ్యూజియంలో వున్నాయి, ఇక్కడున్నవి నకళ్లు.

తర్వాత నెపోలియన్ ఇక్కడ తన వీరపతకం పొందినవారి కూతుళ్లకు బడి పెట్టించాడు. ఒకప్పుడు మరీ ఆంత్వానెత్ రాణి కొలువులో వున్న మదామ్ కాంపాఁ దాన్ని నడిపింది. పిల్లలు నమ్మేవాళ్లు కావాలి గాని తర్కించేవాళ్లు కాకూడదని చక్రవర్తి 1807లో వ్రాసి పంపాడు. రోజూ ఆడపిల్లలకు పాఠం చెప్పే నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకున్నది. ప్రశ్న అడగని పిల్లకు చదువు చెప్పి ప్రయోజనమేమిటి?

1977 నుంచి కోట జాతీయ రినైజాన్స్ మ్యూజియం. నేను ఎక్కువసేపు నిలబడింది బ్రస్సెల్స్‌లో 1510–15 ప్రాంతంలో నేసిన తెరల ముందు. పది తెరలు, మొత్తం డెబ్బై అయిదు మీటర్లు! కథ బైబిలులోది. దావీదు రాజు పరాయివాడి భార్య బత్షెబను కోరి, ఆమె భర్తను యుద్ధంలో ముందు వరసకు పంపి చంపిస్తాడు. చివరకు తన పాపానికి తానే కుమిలిపోతాడు. బంగారు, వెండి జరీతో నేసిన వైభవమంతా ఒక రాజు తప్పును చెప్పడానికే!

కట్టినవాడి వంశానికి కోట దక్కలేదు. పొమ్మన్న చక్రవర్తీ పోయాడు. ఇప్పుడు టిక్కెట్టు కొన్న ప్రతివాడూ ఆ తెరలముందు నిలబడి, రాజు చేసింది తప్పా కాదా అని తర్కించవచ్చు. ఆడపిల్లలు కూడా.