అంతస్తుల కుండీలో స్ట్రాబెర్రీ: పెంపకము, పథ్యము

మూడు సంవత్సరముల క్రిందట ఫాల్గుణ మాసములో ఒక తల్లి ఎనిమిదేళ్ల తన కుమార్తెను వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చినది. పాప చేతులపైన, వీపుపైన ఎర్రని దద్దుర్లు, విపరీతమైన దురద. విచారించగా, వారమునకు రెండు మూడు సార్లు స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ త్రాగుట అలవాటని తెలిసినది. పాలతో పులుపు పండ్లను కలుపుట విరుద్ధాహారమని చరకసంహిత సూత్రస్థానము ఇరువది ఆరవ అధ్యాయములో స్పష్టముగా ఉన్నది. ఆ మాటే చెప్పి, పాలతో కలుపుట మానిపించమన్నాను. “అయితే పండు విడిగా పెట్టవచ్చునాండీ?” అని ఆమె అడిగినది. “నిరభ్యంతరముగా పెట్టండి” అన్నాను.

వారు వెళ్లిన తరువాత నాకు మనసులో కొంత ములుకు మిగిలినది. నేను ఆ పండును బజారులో ప్లాస్టిక్ డబ్బాలలో చూచినవాడనే గాని, దాని మొక్కను ఏనాడూ చూడలేదు. గోదావరి తీరమున మా గురువుగారి వద్ద మేము చదువుకొనునప్పుడు, ఆకును, వేరును చేతితో తాకి, రుచి చూచి, ఏ ఋతువులో ఎట్లుండునో తెలిసికొనిన తరువాతనే ఆ ద్రవ్యమును గూర్చి నోరు మెదపనిచ్చేవారు. ఆ నియమమును నేనే మరచితిని.

నిఘంటువులు తిరగవేసినను ప్రయోజనము లేదు. చరకుని ఫలవర్గములో గాని, భావమిశ్రుని ఆమ్రాది ఫలవర్గములో గాని ఈ పండు లేదు. ఉండుటకు వీలు లేదు కూడ. హిమాలయములలో దీని అడవి జాతులు కొన్ని ఉన్నవి గాని, నేడు మనము తినుచున్న పెద్ద పండు అమెరికా ఖండములలోని రెండు జాతుల కలయిక వలన పదునెనిమిదవ శతాబ్దములో ఐరోపాలో పుట్టినది. 1714లో ఫ్రెజియే అను ఫ్రెంచి ఇంజనీరు చిలీ దేశము నుండి తెచ్చిన పెద్ద పండ్ల మొక్కలు, ఉత్తర అమెరికా నుండి అంతకు ముందే వచ్చియున్న మొక్కలతో కలిసినవి. మన దేశములో ఇది మహారాష్ట్రలోని మహాబలేశ్వరము, పంచగని కొండలలో స్థిరపడినది. మహాబలేశ్వరపు పండుకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన వైపు లంబసింగి చలిలో కూడ రైతులు పండించుచున్నారు.

విదేశీయమని త్రోసివేయవలెనా? అట్లయిన మిరపకాయను, జామపండును, బొప్పాయిని కూడ మన వంటింటి నుండి పంపివేయవలసి వచ్చును. పదునారవ శతాబ్దములో భావమిశ్రుడు ఫిరంగ రోగమునకు ద్వీపాంతర వచను, అనగా విదేశము నుండి వచ్చిన చోపచీనీని, తన గ్రంథములో చేర్చుకొన్నాడు. పరీక్షించి స్వీకరించుటయే మన సంప్రదాయము. కావున పరీక్షించుటకు నేను పూనుకొన్నాను.

మేముండునది హైదరాబాదులో ఏడవ అంతస్తు. పెరడు లేదు, తూర్పు దక్షిణములుగా తెరచియున్న ఒక బాల్కనీ మాత్రము ఉన్నది. మా అబ్బాయి ఒకదానిపై ఒకటి పేర్చెడి అయిదు అంతస్తుల కుండీని తెచ్చినాడు. ఒక్కొక్క అంతస్తు నాలుగు రేకుల పువ్వు వలె ఉండును. రేకుకు ఒక మొక్క చొప్పున మొత్తము ఇరువది మొక్కలు. రెండు అడుగుల చోటులో ఇరువది మొక్కలనగానే మా మనుమరాలు ఆనందమునకు హద్దు లేదు. “తాతయ్యా, సంక్రాంతికి నా స్నేహితులందరికీ నేనే పండ్లు ఇస్తాను” అని అప్పుడే లెక్క వేసికొన్నది.

ఆ అక్టోబరు నెలలో నాటినాము. తులసికోటకు పోసినట్లు ప్రొద్దున ఒక చెంబు, సాయంత్రము ఒక చెంబు నీరు పైనుండి పోసినాను. కార్తీక పూర్ణిమ నాటికి పదకొండు మొక్కలు చనిపోయినవి. చిత్రమేమనగా అన్నియు ఒకే విధముగా చావలేదు. పై అంతస్తులోనివి ఎండి, ఆకులు ముడుచుకొని పోయినవి. క్రింది రెండు అంతస్తులలోనివి మొదలు కుళ్లి, పట్టి లాగగానే చేతిలోనికి వచ్చినవి. నడుమనున్నవి మాత్రము కొంత బాగున్నవి. మిగిలినవియు సంక్రాంతికి రెండు మూడు చిన్న కాయలు మాత్రమే చూపినవి. మనుమరాలు నన్ను ఏమీ అనలేదు, అదే నాకు మరింత కష్టముగా తోచినది.

చనిపోయిన మొక్కలను కాగితముపై వరుసగా పరచి చూచుకొన్నప్పుడు సంగతి అర్థమైనది. సురపాలుని వృక్షాయుర్వేదములో చెట్లకు కూడ వాత, పిత్త, కఫ దోషములను బట్టి వ్యాధులను నిర్ణయించి చికిత్స చెప్పబడినది. (ఆ గ్రంథమును నళినీ సాధలే గారి అనువాదముతో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు 1996లో ప్రచురించినారు.) ఆ దృష్టితో చూడగా మా కుండీ ఒక శరీరమే. పై అంతస్తు గాలికి, ఎండకు ఆరిపోయి రూక్షమగును. అది వాత స్థానము. క్రిందిది పైనున్న వాటి నీరంతయు దిగి బరువెక్కి, చల్లబడి కుళ్లును. అది కఫ స్థానము. దక్షిణపు ఎండకు ఎదురుగానున్న రేకుల ఆకులు అంచులు మాడును, అది పిత్తము. ఇట్టి మూడింటికి ఒకే చెంబు నీరు ఒకే మోతాదుగా పోయుట, ముగ్గురు రోగులకు ఒకే కషాయము త్రాగించుట వంటిది.

మరుసటి సంవత్సరము అయిదు అంతస్తులను నాలుగుకు తగ్గించినాను. అయిదింటిలో తడిసిన మట్టి బరువు ఎక్కువ, పెద్ద గాలికి ఊగును కూడ. పిట్టగోడపైన గాని, కమ్మీల ప్రక్కన గాని ఇట్టి కుండీని ఎన్నడూ పెట్టరాదు. క్రింద మనుష్యులు తిరుగుచుందురు. నేలపై, గోడ మూలగా ఉంచవలెను.

నడుమ రెండు అంగుళముల ప్లాస్టిక్ గొట్టమును నిలిపి, దానికి చుట్టును చిన్న రంధ్రములు వేయించినాను. రంధ్రములు పై భాగమున దగ్గరగా, క్రిందికి పోవుకొలది దూరముగా ఉండవలెను. గొట్టము అడుగు మూసియుండవలెను. మట్టి మిశ్రమమును కూడ అంతస్తును బట్టి మార్చినాను. పై రెండింటికి తడిని నిలుపుకొనుటకై కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు ఎక్కువగా, ఎర్రమట్టి తక్కువగా. క్రింది రెండింటికి నీరు జారిపోవుటకై ముతక ఇసుక ఎక్కువగా. కొబ్బరి పొట్టును వాడుటకు ముందు రెండు మూడు నీళ్లలో కడిగి పిండవలెను. దానిలోని ఉప్పు ఈ మొక్కకు గిట్టదు.

ఉప్పును గూర్చి మరియొక మాట. మా ఇంటిలో నీటిని శుద్ధి చేయు యంత్రము నుండి వృథాగా పోవు నీటిని మా కోడలు పొదుపు కొరకు కుండీలకు పోయుచుండెడిది. పొదుపు మంచిదే గాని, ఆ నీటిలో లవణములు మూల నీటికంటె ఎక్కువగా ఉండును. అంట్లు కడుగుటకు, నేల తుడుచుటకు వాడుకొనవచ్చును, స్ట్రాబెర్రీకి పోయరాదు. ఈ మొక్క కొద్దిపాటి ఆమ్లగుణము గల మట్టిని కోరును. బోరునీటి కాఠిన్యము వలన లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలిచిన యెడల అది లోహాంశము అందకపోవుట. పట్టి ఉంచుకొన్న వాననీరు ఉన్నచో అదే ఉత్తమము.

నాటునప్పుడు అందరును చేయు పొరపాటు మొవ్వును పూడ్చివేయుట. ఆకులన్నియు పుట్టెడి ఆ గుబురైన మొదలు సరిగ్గా మట్టి మట్టమున ఉండవలెను. లోపలికి పోయిన కుళ్లును, వేళ్లు బయటపడిన ఎండును. పైనుండి చెంబుతో పోసిన నీటికి మట్టి కదలి మొవ్వులపై పడినందుననే మొదటి ఏడు సగము మొక్కలను పోగొట్టుకొన్నాను.

నీరు ఎప్పుడు పోయవలెనన్నది ఆకును చూచి గాక, మట్టిలో వ్రేలిని రెండవ కణుపు వరకు గ్రుచ్చి తెలిసికొనవలెను. మా ఇంటిలో శీతకాలమున పై అంతస్తుకు దినమునకొకసారి, అడుగు దానికి వారమునకు రెండుసార్లు సరిపోయినది. నాలుగు దిక్కులకును ఎండ తగులుటకై రెండు దినములకొకసారి కుండీని పావు వంతు త్రిప్పవలెను. రోజుకు ఆరు గంటల ఎండ లేనిదే కాపు రాదు.

మొక్కలు తెచ్చుకొను విషయములో మోసములు చాల ఉన్నవి. నీలిరంగు స్ట్రాబెర్రీ విత్తనములని కొందరు అమ్ముచున్నారు. అట్టి పండు లోకములో లేదు. విత్తనము జోలికి పోక, నర్సరీ నుండి ఆరోగ్యముగానున్న పిలక మొక్కలు తెచ్చుకొనవలెను. వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కామరోసా వంటివి పగలు తగ్గి చలి మొదలైనప్పుడు పూయు రకములు. కావున మన మైదాన ప్రాంతములో సెప్టెంబరు చివర లేదా అక్టోబరులో నాటవలెను. వేసవిలో నాటి, పూయలేదని దుఃఖించుట తగదు.

నాటిన మొదటి నెలలో వచ్చు పూలను, ప్రాకెడి తీగలను గిల్లివేయవలెను. బలమంతయు వేళ్లకు చేరును. ఇది చెప్పినంత సులభము కాదు. మొదటి తెల్లని పూవును నేను గిల్లినప్పుడు మనుమరాలు ఏడ్చినది. తరువాత పూసిన వాటిని ఆమెకే అప్పగించినాను. ఏడవ అంతస్తుకు తేనెటీగలు అరుదు. అందువలన బొమ్మలు వేయు మెత్తని కుంచెతో ప్రతి పూవు నడిమి భాగమును ఉదయము పది గంటల వేళ సుతారముగా రాయుట ఆమె పని. ఈ పండుకు పైన కనపడు గింజలవంటివే అసలైన ఫలములు. ఒక్కొక్క గింజ ఫలదీకరణము చెందినప్పుడే దాని చుట్టునున్న గుజ్జు ఉబ్బును. కొన్నింటికి మాత్రమే పుప్పొడి అందిన యెడల పండు వంకరగా, గిడసబారి ఉండును. పూసిన సుమారు నెల దినములకు పండు ఎర్రబడినది.

ఎరువు విషయములో మన వారికి పచ్చి పేడనీళ్ల మీద మక్కువ ఎక్కువ. వండకుండ తిను పండుకు దానిని వాడరాదు, క్రిములు అంటును. బాగుగా మాగిన వర్మీకంపోస్టును పదునైదు దినములకొకసారి పిడికెడు వేసిన చాలును. ఎర్రనల్లి, పేనుబంక కనపడినచో లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా కుంకుడురసము కలిపి సాయంత్రము ఆకుల అడుగున చల్లవలెను. పండ్లపై పడనీయరాదు. బూజు పట్టిన పండును వెంటనే త్రుంచి పారవేయవలెను. ఇతర విధముల సేద్యములో పండు మట్టికి తగిలి చెడును. అంతస్తుల కుండీలో అంచు మీదుగా గాలిలో వ్రేలాడును. ఈ కుండీ వలన నాకు కనపడిన నిజమైన లాభము ఇదియే.

ఆ ఏట పదునారు మొక్కలకు డిసెంబరు చివరి నుండి మార్చి వరకు మొత్తము రెండు కిలోల పండ్లు వచ్చినవి. లెక్క చూచిన గిట్టుబాటు కాదు. సి విటమిన్ కొరకే అయితే స్ట్రాబెర్రీ వంద గ్రాములలో సుమారు అరువది మిల్లీగ్రాములుండగా, మన జామపండులో అంతకు మూడింతలకు పైగా ఉన్నది, ధరయు తక్కువ. అయినను చెట్టుననే పూర్తిగా పండినదానిని ఉదయము తొడిమతో కోసి నోట వేసికొన్నప్పుడు, బజారు పండుకును దీనికిని గల భేదము తెలిసినది. కోసిన తరువాత ఈ పండులో తీపి పెరగదు. దూర ప్రయాణము కొరకు ముందుగా కోసినది పుల్లగా, వగరుగా ఉండుటకు కారణమదే.

నేను రుచి చూచి నిర్ణయించుకొన్నది ఇది: పూర్తిగా పండినది మధురము, కొంచెము ఆమ్లము, లఘువు. పండనిది ఆమ్ల కషాయము. ఆమ్లపిత్తము గలవారు పుల్లని వాటిని పరగడుపున తినరాదు. భోజనమునకు ముందు, మధ్యాహ్నము, నాలుగైదు పండ్లు చాలును. పాలు, ఐస్‌క్రీములతో వద్దు. తినబోవునప్పుడే పారుచున్న నీటిలో కడిగి, తరువాత తొడిమ తీయవలెను. ఇది పథ్యాహారమే గాని ఏ వ్యాధికిని మందు కాదు.

ఇక ఆ పాప సంగతి. మా మొక్కలు చచ్చిన ఆ సంక్రాంతికే, బంధువుల ఇంటిలో ఆ బిడ్డ పాలు లేకుండ వట్టి పండ్లు నాలుగు తిన్నది. గంట గడవకముందే దద్దుర్లు లేచి, పెదవులు వాచినవి. తల్లిదండ్రులు వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయినందున ప్రమాదము తప్పినది. ఎలర్జీ నిపుణుల పరీక్షలో ఆ పండే ఆ శరీరమునకు పడదని తేలినది. విరుద్ధాహార సూత్రము తప్పు కాదు. కాని ఆ బిడ్డ విషయములో దానినే కారణముగా భావించి, “నిరభ్యంతరముగా” అని నేను పలికిన మాట తప్పు. ఆ తల్లిని పిలిచి ఆ మాటే చెప్పుకొన్నాను.

కావున ఏ పండు తిన్న తరువాతనైనను దద్దుర్లు వచ్చిన పిల్లలకు ఇంటిలో మరల కొద్దికొద్దిగా పెట్టి చూచు ప్రయోగములు చేయరాదు. వైద్యునికి చూపువరకు పూర్తిగా మానిపించవలెను. పెదవులు, నాలుక వాచినను, ఊపిరి బరువైనను పసుపు, మిరియాల కషాయములతో కాలము గడపక క్షణమైన ఆలస్యము చేయకుండ ఆసుపత్రికి చేర్చవలెను.

ఈ వేసవిలో పది మొక్కలను మాత్రము నీడలోనికి మార్చి బ్రతికించగలిగినాము. వాటి తీగల కొసలకు వచ్చిన పిలకలను చిన్న కప్పులలో మట్టి పోసి దించినాము. మనుమరాలు వాటిపై స్నేహితుల పేర్లు వ్రాసి అంటించినది. ఆ పాప ఆమె పాఠశాలలోనే చదువుచున్నదని నాకు ఈ మధ్యనే తెలిసినది. ఆ బిడ్డకు మాత్రము ఒక తులసి మొక్కను వేరుగా సిద్ధము చేయించినాను.