అంకెలున్నాయి సరే, లెక్క తేలిందా?

విదేశీ వాణిజ్యం మీద వాదన మొదలైతే చాలు, ఇరువైపులా అంకెలు చేతబట్టుకుని వస్తారు. వాటిలో కొన్నింటిని కాస్త గిల్లి చూడాలి.

అపోహ: ప్రభుత్వం ప్రకటించిన అంకె గనక అదే ఖాయం.

వాస్తవం: 2024 నవంబరులో మన దేశం 1,480 కోట్ల డాలర్ల బంగారం దిగుమతి చేసుకుందని మొదట ప్రకటించారు. రికార్డు వాణిజ్య లోటంటూ పత్రికలు హోరెత్తించాయి. కొన్ని వారాలకే ఆ అంకెను 984 కోట్లకు దించారు. సుమారు 500 కోట్ల డాలర్ల బంగారం కాగితం మీదే వచ్చి, కాగితం మీదే పోయింది.

అపోహ: ‘మేడిన్ చైనా’ అని ఉంటే సొమ్మంతా చైనాదే.

వాస్తవం: 2009లో ఒక ఐఫోన్ తయారీకి దాదాపు 179 డాలర్లయ్యేది. అందులో చైనాలో భాగాలు బిగించినందుకు దక్కింది ఆరున్నర డాలర్లే. మిగతాదంతా జపాన్, జర్మనీ, దక్షిణ కొరియా, అమెరికా వగైరా దేశాల విడిభాగాల ఖరీదు. కస్టమ్స్ పద్దులో మాత్రం పూర్తి విలువ చైనా ఖాతాలోనే పడింది.

అపోహ: సుంకం ప్రభావం తెలియాలంటే, సుంకం వేసిన వస్తువు ధర చూస్తే చాలు.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 2018లో అమెరికా విదేశీ వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేసింది. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ల జోలికి పోలేదు. కానీ అక్కడ ఈ రెండింటినీ జంటగా కొనడం అలవాటు. కంపెనీలు తెలివిగా భారాన్ని రెండింటికీ పంచాయి. ఫ్లేన్, హోర్టాచ్సు, టింటెల్‌నాట్ అనే ఆర్థికవేత్తలు ఆరా తీస్తే, మెషీన్ ధర సుమారు 86 డాలర్లు పెరిగింది. సుంకమే లేని డ్రయ్యర్ ధర? 92 డాలర్లు! పోటీ తగ్గడంతో స్వదేశీ కంపెనీలూ రేట్లు పెంచేశాయి. ఉద్యోగాలు రాలేదని కాదు, సుమారు 1,800 వచ్చాయి. వసూలైన సుంకాన్ని మినహాయించినా, ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులు ఏటా భరించింది 8 లక్షల డాలర్ల పైమాటే. డ్రయ్యర్లను వదిలేసి లెక్క కట్టినవారికి ఇందులో సగం కనిపించదు.

అపోహ: 1991 సంస్కరణలు మన పల్లెల్లో పేదరికాన్ని పెంచాయని పరిశోధన తేల్చింది.

వాస్తవం: ఆర్థికవేత్త పెటియా టోపలోవా అధ్యయనం చెప్పింది అది కాదు. ఆ సంస్కరణల్లో భాగమైన సుంకాల కోత ఎక్కువగా తగిలిన జిల్లాల పల్లెల్లో పేదరికం మిగతా చోట్లకన్నా నెమ్మదిగా తగ్గిందని మాత్రమే ఆమె చూపారు. అది జిల్లాకూ జిల్లాకూ మధ్య పోలిక. దేశం మొత్తానికి జరిగింది మేలా, కీడా అన్నది ఆ పోలికలో తేలదని ఆ పరిశోధకురాలే స్పష్టంగా రాశారు.