రోజుకొక ప్రశ్న

విండ్సర్‌లో మా తెలుగు తరగతి వారానికొకసారే. అందుచేత మిగతా రోజులకు ఒక్కొక్క చీటీ ఇంటికి పంపుతాము. చీటీలో ఒకే ప్రశ్న, నందమూరి తారక రామారావుగారి చిత్రాలను గురించి. సినిమా పిచ్చి అనుకోకండి. చెరకుతోటలకు వెళ్ళిన మన తాతలు వెంట తీసుకెళ్ళిన రామకథ మన పెద్దల చెవుల్లో ఇంకా ఉంది, కాని చాలామందికి తెలుగు చదవడం రాదు. పిల్లలు కూడబలుక్కుని చదువుతారు, వారికి కథ తెలియదు. ఇద్దరూ కలిస్తేనే జవాబు దొరికేటట్లు ప్రశ్న వేయాలి.

"రామారావుగారి మొదటి చిత్రమేది?" అంటే 'మనదేశం', 1949 అని ఒక్క మాటతో తేలిపోతుంది. అందులో ఆయన పోలీసు అధికారి అని చెప్పాలంటే వాక్యం కావాలి. మేము వాక్యానికే మార్కు ఇస్తాము.

మాకు బాగా నచ్చింది రావణుడి ప్రశ్న. 'లవకుశ' (1963)లో రాముడైన ఆయనే 'భూకైలాస్' (1958)లో రావణుడు. 'సీతారామ కల్యాణం' (1961)లోనూ రావణుడే, దానికి దర్శకులూ ఆయనే. పేర్లు, సంవత్సరాలు పిల్లలు చదువుతారు. రావణుడు తల్లి కోసం ఆత్మలింగం తేబోయాడన్న సంగతి మాత్రం మామ్మే చెప్పాలి.

'దానవీరశూర కర్ణ' (1977) చీటీ వెళ్ళినవారం జవాబులు ఆలస్యంగా వస్తాయి. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ ఆయనవే కదా, ఎవరిది న్యాయమని ఇళ్ళల్లో వాదన! అదీ తెలుగులోనే.