అక్షహృదయమును, వాలీబాల్ పందెమును

నలుడు ఋతుపర్ణుని రథమును తోలుచు విదర్భకు పోవు త్రోవలో, ఆ రాజు ఒక తాండ్రచెట్టును చూచి, దాని కొమ్మలకు ఆకులెన్ని, కాయలెన్ని, నేల రాలినవెన్ని యని రథము దిగకుండగనే లెక్క చెప్పెననియు, నలుడు ఆ మాటను ఊరక నమ్మక కాయలను ఎంచి చూచి, లెక్క సరిపోవుటకు విస్మయపడి, తన అశ్వహృదయమును అతని కిచ్చుటకు ఒప్పుకొని అక్షహృదయమను ఆ విద్యను గ్రహించెననియు భారతమునందలి నలోపాఖ్యానము చెప్పుచున్నది. ఆ విద్య లభించిన క్షణముననే, అంతవరకు నలుని ఆవేశించియున్న కలి అతనిని విడిచి వెలికి వచ్చెను. జూదమున రాజ్యమును కోల్పోయినవానిని కలి చేతినుండి విడిపించినది మరియొక పందెము కాదు, లెక్క. వాలీబాల్ ఆటపై పందెములు కాయుటకు వ్యూహములు కలవని నేడు వినవచ్చుచున్న మాటను పరిశీలించుటకు ఈ కథకంటె మంచి ఉపోద్ఘాతము నాకు దొరకలేదు.

హైదరాబాదు దక్షిణపు అంచున, శంషాబాద్ విమానాశ్రయమునకు పోవు దిక్కున, కాటేదాన్ పారిశ్రామికవాడ కలదు. మన పల్లెలనుండియు పరరాష్ట్రములనుండియు వచ్చిన కార్మికులు అచ్చటి చిన్న చిన్న కర్మాగారములలో షిఫ్టులవారీగా పని చేయుదురు. రెండు గుంజలు పాతి వల కట్టుటకు చోటున్నచో చాలును, వాలీబాల్ చౌకయైన ఆట గనుకనే అది మన పల్లెలకును, పోలీసు మైదానములకును, రైల్వే కాలనీలకును చిరకాల బంధువైనది. కాని నేడు ఆ ఆటయే అరచేతిలోని ఫోనులో పందెపు సరకుగా మారి, ఏ దేశపు లీగులో ఏ జట్టు గెలుచునో చెప్పి డబ్బు తీసికొమ్మని అర్ధరాత్రివేళ షిఫ్టు ముగించి అలసిన అచ్చటి కార్మికుని పిలుచుచున్నది.

మొదట ఆట స్వభావమును చూతము. 1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణమున విలియం మోర్గాన్ రూపొందించిన ఈ క్రీడలో డ్రా లేదు; ఎవరో ఒకరు గెలువవలసినదే. సర్వీసు చేసిన పక్షమునకు మాత్రమే పాయింటు దక్కెడి పాత పద్ధతి 1990ల చివర తొలగి, ప్రతి ర్యాలీకిని ఒక పాయింటు వచ్చు పద్ధతి స్థిరపడినది. అగ్రశ్రేణి పురుషుల ఆటలో సర్వీసును అందుకొనెడి పక్షమే ఎక్కువ ర్యాలీలు గెలుచుచుండును. ఏలయన బంతిని చక్కగా తీసికొని, స్మాషుకై దానిని ఎత్తి ఇచ్చెడి లిఫ్టరుకు అందించినచో మొదటి స్మాషు కొట్టు అవకాశము వారిదే. లిఫ్టరు వెనుకవరుసలో ఉన్నప్పుడు వల యొద్ద ముగ్గురు స్మాషర్లుందురు; అతడు ముందువరుసకు వచ్చినప్పుడు ఇద్దరే మిగులుదురు. కావున ఆటగాండ్రు చుట్టు తిరిగెడి క్రమములో ఏ జట్టు ఎచ్చట బలహీనపడుచున్నదో గుర్తించుటయే ఆటను చదువుటకు మొదటి మెట్టు. పందెపు వ్యూహములు నేర్పువారును ఈ మెట్టుననే నిలిచి మాటలాడుదురు. ఇంతవరకు వారి మాట సత్యమే.

ఇచ్చట ఒక గణిత రహస్యము కలదు. ఒక జట్టునకు ప్రతి వంద ర్యాలీలలో 52 గెలుచునంత స్వల్పాధిక్యము కలదనుకొందము. ఇరువదియైదు పాయింట్ల సెట్టును ఆ జట్టు గెలుచు సంభావ్యత దాదాపు 61 శాతమునకు పెరుగును. అయిదింట మూడు సెట్లు గెలువవలసిన మ్యాచిలో అదియే దాదాపు 70 శాతమగును. ర్యాలీలో 55 శాతముండు జట్టునకు మ్యాచిలో సుమారు 90 శాతము విజయావకాశము కలుగును. బిందువు బిందువుగా చేరిన నీరు చెరువైనట్లు, ఈ ఆటలో అల్పమైన బలము పెద్ద ఫలితముగా రూపొందుచున్నది. వాలీబాల్‌లో బలవంతుడే తరచుగా గెలుచుననియు, కావున దీనిపై పందెము నిశ్చింతయైనదనియు పుట్టిన నమ్మికకు మూలమిదియే.

అయితే ఆట నిడివి మారినచో ఈ లెక్కయు మారును. 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదటి సీజను మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియములోనే జరిగెను. మన పక్షమున హైదరాబాద్ బ్లాక్ హాక్స్ జట్టు ఆడగా, కోల్‌కతా థండర్‌బోల్ట్స్ విజేతగా నిలిచెను. 2025 అక్టోబరులో నాల్గవ సీజనుకును గచ్చిబౌలియే వేదికయైనది. ఈ లీగులో సెట్టునకు 15 పాయింట్లే; పైగా సూపర్ పాయింటు కోరినప్పుడు ఒక్క ర్యాలీకి రెండు పాయింట్లు దక్కును. పై లెక్కలోని 52 శాతపు జట్టే 15 పాయింట్ల సెట్లతో ఆడినచో మ్యాచి గెలుచు సంభావ్యత 70 నుండి దాదాపు 66కు దిగును. ప్రేక్షకునకు ఉత్కంఠను పెంచుటకై కుదించిన ఆట అదృష్టమునకు తలుపును మరికొంచెము తెరచుచున్నది. ఆ తలుపుగుండ ఆనందమును పొందువాడు ప్రేక్షకుడు. నష్టమును కొని తెచ్చుకొనువాడు పందెగాడు.

ఇక రేటు సంగతి. సరిసమానములైన రెండు జట్లకు పందెమువారు చెరి 1.90 రేటు ఇచ్చిరనుకొందము. వంద రూపాయలు పెట్టినవాడు గెలిచిన 190 రూపాయలు అందుకొనును. ఓడిన ఏమియు లేదు. సగము సారులు గెలిచినను, సగటున వందకు 95 మాత్రమే తిరిగి వచ్చును. మిగిలిన అయిదు రూపాయలు ఆట జరుగుటకు మునుపే, బంతి గాలిలోనికి లేవకమునుపే, నిర్వాహకుని సంచిలో చేరినట్లే. ఈ అయిదును పూడ్చుకొనుటకే వందకు 53 సారులు గెలువవలెను. రేట్లు నిర్ణయించువారి వద్ద ఆటగాండ్ర గణాంకములును, గాయముల వార్తలును, యంత్రముల వేగమును ఉండగా, షిఫ్టు ముగించి వచ్చి ఫోను తెరచినవాడు ఏ జ్ఞానముతో వారిని నిత్యము మించగలడు?

వ్యూహబోధకులు తరచుగా ఉదహరించెడి సూత్రమొకటి కలదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పని చేసిన జాన్ కెల్లీ 1956లో ప్రకటించిన ఆ సూత్రము, చేతిలోని సొమ్ములో ఎంత భాగము పందెమున ఉంచవలెనో చెప్పును. 1.90 రేటునకు నీ జట్టు నిజముగా 55 శాతము గెలుచునని నీకు తెలిసియున్నచో, సొమ్ములో ఇరువదవ వంతు పెట్టుమని ఆ సూత్రము చెప్పును. 52 శాతమే యైనచో ఒక్క రూపాయియు పెట్టవలదనును. చూడుడు, సగముకంటె ఎక్కువ సారులు గెలిచెడి 52 శాతమునే ఈ సూత్రము చాలదని త్రోసిపుచ్చుచున్నది. పందెపు శాస్త్రమును చిత్తశుద్ధితో తుదివరకు చదివినవానికి అందులోని ప్రధాన సూత్రమే పెక్కు సందర్భములలో మానుమని చెప్పుట నా కెంతయు ఆలోచనీయముగ తోచినది.

వీటన్నిటికంటె ప్రమాదకరమైనది ఆట జరుగుచుండగనే ర్యాలీ ర్యాలీకిని పందెము కాయుట. ఒక్క సెట్టులో నలువది ర్యాలీలపై వందేసి రూపాయలు పెట్టినవాడు నాలుగువేల రూపాయలు చేయి మార్చినవాడగును. వందకు అయిదు చొప్పున సగటున రెండువందలు ఆ సెట్టులోనే కరగిపోవును. ఒకేసారి రెండువందలు పారవేయుమన్నచో అంగీకరింపని మనుష్యుడు, నలువది మారులు ఆశపడుచు ఆ మొత్తమునే పోగొట్టుకొనును. పైగా ప్రసారమయ్యెడి చిత్రము మైదానములోని ఆటకంటె కొన్ని క్షణములు వెనుకబడి వచ్చును. మనము చూచునది జరిగిపోయిన ర్యాలీ. పోయినదానిని రాబట్టుకొందమని మొత్తమును రెట్టింపు చేయుచు పోవుట వ్యూహము కాదు. అదియే నలుని ఆవేశించిన కలి.

ఈ విషయమున చట్టముల చరిత్రయు మన నగరముతోనే ముడిపడియున్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో ఆడిన రమ్మీపై నడచిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పుచు, ముక్కలను గుర్తుంచుకొనుటకును కూర్చుకొనుటకును నేర్పు కావలెను గనుక రమ్మీ ప్రధానముగ నైపుణ్యక్రీడ యని నిర్ణయించెను. నైపుణ్యమా, అదృష్టమా అను ఆ విభజనరేఖ దేశమందంతట దశాబ్దములు నిలిచినది. 1974 నాటి జూద నిషేధ చట్టమును 2017లో సవరించి తెలంగాణ ప్రభుత్వము ఆన్‌లైన్ పందెములను నిషేధింపగా, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము, నైపుణ్యమైనను అదృష్టమైనను, డబ్బు పెట్టి ఆడెడి ఆన్‌లైన్ ఆటలను నిషిద్ధములుగ పేర్కొని, నడపువారికి మూడేండ్లవరకు జైలును కోటి రూపాయలవరకు జరిమానాను విధించుచు, ఆడినవానిని మాత్రము శిక్షార్హునిగ చూడలేదు. మోసపోయినవానిని దోషిగా కాక బాధితునిగ చూచిన ఈ దృష్టి నాకు ధర్మసమ్మతముగ తోచుచున్నది. అప్పులలో మునిగిన మనుష్యుడు పోలీసుల భయము లేకుండ నిజము చెప్పుకొనగలిగినప్పుడే ఇంటివారు అతనిని ఒడ్డుకు చేర్చగలరు.

అట్లని ఆటను చదువు విద్య నిరర్థకమని నేను అనను; పందెమునకు కాక ఆటకే వినియోగించినచో అది ఫలించును. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారత జట్టులో మన పి. వి. రమణ ఉండెను, ఆయన భార్య విజయయు వాలీబాల్ క్రీడాకారిణియే. వారి కుమార్తె సింధు బ్యాడ్మింటనులో రెండు ఒలింపిక్ పతకములు తెచ్చినది. ఒక మైదానమున అబ్బిన క్రమశిక్షణ మరియొక మైదానమున ఫలించుట కిది నిదర్శనము.

కాటేదాన్ యువకులు ఆదివారపు ఆటలకు ఒక నోటుపుస్తకము తీసికొని పోయి, తమ జట్టు ఏ వరుసలో సర్వీసును జారవిడుచుచున్నదో, ఎదుటి స్మాషరు ఏ మూలకు కొట్టుచున్నాడో, తమ లిఫ్టరు ముందువరుసకు వచ్చినప్పుడు ఎన్ని పాయింట్లు పోవుచున్నవో నెల దినములు వ్రాసి చూతురుగాక. ఋతుపర్ణుడు చెట్టును చూచి చేసిన పని ఇదియే. నలుడు కాయలను ఎంచినట్లు వారు ర్యాలీలను ఎంచిన యెడల, మరుసటి ఆదివారము ఎవరిని ఎచ్చట నిలుపవలెనో ఆ పుస్తకమే చెప్పును. అందులకై వారు ఎవరికిని ఒక్క రూపాయియు చెల్లింప నక్కరలేదు.