బిట్‌కాయిన్ మైనింగ్ విస్తరణ ప్రణాళిక: ‘తవ్వకం’ అనే రూపకం - మహదేవపూర్ ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:

బొగ్గుగనిలో యంత్రాలు పెరిగితే ఉత్పత్తి పెరుగుతుంది. బిట్‌కాయిన్ మైనింగ్‌లో యంత్రాలు ఎన్ని పెరిగినా పుట్టే నాణేల మొత్తం పెరగదు. పాల్గొనేవారి వాటాలు మాత్రమే మారుతాయి. ‘తవ్వకం’ అనే రూపకం ఈ భేదాన్ని మరుగుపరుస్తున్నది. విస్తరణ ప్రణాళికలో ఈ భేదానికి గల ప్రాధాన్యాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బిట్‌కాయిన్, మైనింగ్, రూపకం, విద్యుత్తు, మహదేవపూర్.

1. ఉపోద్ఘాతం:

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్ మండలం గోదావరి తీరప్రాంతం. ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం ఈ మండలంలోనే ఉన్నది. జిల్లాకేంద్రమైన భూపాలపల్లిలో సింగరేణి గనులు, చేల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలో ‘మైనింగ్’ అనగానే బొగ్గుబాయి స్ఫురించడం సహజం. బొగ్గుబాయి అనుభవంతో క్రిప్టో మైనింగ్‌ను అర్థం చేసుకుని, భూమి తాకట్టుపెట్టి యంత్రాలు కొనదలచినవారికి ఆ పోలికే నష్టహేతువు కాగలదు.

2. పదం - అర్థం:

సతోషి నకమోటో పేరుతో 2008లో వెలువడిన పత్రం ఆధారంగా 2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలైంది. నాణేల గరిష్ఠ సంఖ్య 2.1 కోట్లు. సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు చొప్పున రోజుకు సుమారు 144 బ్లాకులు ఏర్పడతాయి. మొదట బ్లాకుకు 50 నాణేలుగా ఉన్న ప్రతిఫలం 2,10,000 బ్లాకులకు ఒకసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు తగ్గింది. అంటే ఇప్పుడు ప్రపంచమంతటికీ కలిపి రోజుకు పుట్టేవి సుమారు 450 నాణేలే.

పాల్గొనే యంత్రాలు పెరిగితే లెక్క కఠినమవుతుంది, తగ్గితే సులభమవుతుంది. 2016 బ్లాకులకు ఒకసారి, అంటే దాదాపు రెండు వారాలకు, ఈ సర్దుబాటు జరుగుతుంది. తవ్వకపోతే బొగ్గు భూమిలోనే ఉంటుంది. ఒకరు తమ యంత్రం ఆపివేసినా నాణెం మాత్రం ఆగదు, మరొకరికి చేరుతుంది. దీనికి దగ్గరి పోలిక గని కాదు, పోటీబోర్లు. పక్కరైతు మరింత లోతుగా బోరు వేస్తే మనమూ వేస్తాం. ఖర్చు ఇద్దరికీ పెరుగుతుంది, భూగర్భజలం పెరగదు.

3. విస్తరణ గణితం:

ఒక్కొక్కటి సెకనుకు 200 టెరాహాష్‌ల గణన చేస్తూ 3.5 కిలోవాట్లు వాడే యంత్రాలు వంద ఉన్నాయనుకుందాం. ప్రపంచ గణనశక్తిని 800 ఎక్సాహాష్‌లుగా ఊహిస్తే వీటి వాటా నలభైవేలలో ఒకవంతు. రోజువారీ రాబడి 0.01125 నాణెం. యంత్రాలను రెండువందలు చేస్తే అది 0.0225 కావాలి. అయితే ఆలోగా ప్రపంచశక్తి కూడా రెట్టింపైతే రాబడి మళ్లీ 0.01125 దగ్గరే ఉంటుంది. విద్యుత్ వినియోగం మాత్రం రోజుకు 8,400 యూనిట్ల నుండి 16,800 యూనిట్లకు చేరుతుంది. మైనింగ్ పూల్‌లో చేరితే రాబడి క్రమబద్ధమవుతుందే తప్ప వాటా పెరగదు.

4. విద్యుత్తు - వేడి - పన్ను:

ఈ మండలంలోని కన్నెపల్లి పంపుహౌస్‌లో ఒక్కొక్క మోటారు సామర్థ్యం 40 మెగావాట్లు. అంత విద్యుత్తుతో పైన చెప్పిన యంత్రాలు సుమారు 11,400 నడుస్తాయి. కానీ విద్యుత్ కేంద్రం దగ్గర ఉన్నంతమాత్రాన కరెంటు చవక కాదు. ధరను నియంత్రణ మండలి వినియోగ వర్గాన్ని, వోల్టేజీని బట్టి నిర్ణయిస్తుంది.

యంత్రం వాడిన విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. 3.5 కిలోవాట్ల వేడిని తొలగించడానికి సుమారు ఒక టన్ను ఏసీ సామర్థ్యం అవసరం. గాలి ప్రసరణతోనే చల్లబరచాలంటే నలభై డిగ్రీలు దాటే ఇక్కడి వేసవి అనుకూలం కాదు. స్థలం ఎంపికలో వరదనూ లెక్కించాలి; 2022 జూలై వరదలో కన్నెపల్లి పంపుహౌస్ మునిగింది.

2022 ఏప్రిల్ నుండి వర్చువల్ డిజిటల్ ఆస్తుల బదిలీ ఆదాయంపై 30 శాతం పన్ను అమలులో ఉన్నది. సేకరణ ఖర్చు తప్ప ఇతర మినహాయింపులు లేవు. మైనింగ్ మౌలిక వసతుల వ్యయం సేకరణ ఖర్చు కిందికి రాదని కేంద్రప్రభుత్వం 2022 మార్చిలో లోక్‌సభకు తెలిపింది. ఈ ఆస్తులపై వచ్చిన నష్టాన్ని ఇతర ఆదాయంలో సర్దుబాటు చేసుకునే వీలు కూడా లేదు.

5. ముగింపు:

విస్తరణ ప్రణాళికలో మొదటి ప్రశ్న ‘ఎన్ని యంత్రాలు?’ అన్నది కాదు. ప్రపంచశక్తి రెట్టింపైనా, ప్రతిఫలం సగమైనా, నాణెం ధర పెరగకపోయినా యూనిట్ కరెంటు ఖర్చును రాబడి భరించగలదా అన్నదే మొదటి ప్రశ్న. దానికి అవునని చెప్పలేని ప్రణాళిక విస్తరణ కాదు, అప్పును పెంచుకోవడమే. తెలుగులో ఈ ప్రక్రియను ‘తవ్వకం’ అనడం కంటే ‘గణనపోటీ’ అనడం అర్థస్పష్టతకు తోడ్పడుతుంది. పోటీ అన్నచోట ఎదుటివారు ఉన్నారన్న ఎరుక ఆ పదంలోనే ఉంటుంది.