బేతేలు చర్చి కథ

ఫిలడెల్ఫియా వెళ్ళిన తెలుగువాళ్ళలో లిబర్టీ బెల్ చూడకుండా తిరిగొచ్చేవాళ్ళు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఆ గంట పక్కన ఒక ఫోటో తప్పనిసరి. అక్కడి నుంచి దక్షిణంగా కొంచెం నడిస్తే, ఆరో వీధీ లాంబార్డ్ వీధీ కలిసే మూల మీద మదర్ బేతేలు అనే చర్చి కనిపిస్తుంది. ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘానికి అదే పుట్టిల్లు. అందరూ క్లుప్తంగా ఏ.ఎం.ఇ. అంటారు.

చాలా చర్చి శాఖలు సిద్ధాంతాల దగ్గర తగాదాపడి చీలిపోయినవే. ఈ సంఘం కథ వేరు. ఇక్కడ నమ్మకంలో పేచీ లేదు. దేవుడి ముందు ఎవరు ఎక్కడ కూర్చోవాలి, చర్చి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అన్నదే పేచీ.

ప్రార్థన మధ్యలో

సంఘ స్థాపకులు రిచర్డ్ అలెన్ 1760లో బానిసగా పుట్టారు. ఇంగ్లండులో జాన్ వెస్లీ మొదలుపెట్టిన మెథడిస్టు ఉద్యమం, గుర్రాల మీద ఊరూరా తిరిగే బోధకుల వల్ల అమెరికాలో వ్యాపిస్తున్న రోజులవి. డెలవేర్‌లో ఆ బోధలు విని అలెన్ క్రైస్తవులయ్యారు. తర్వాత ఆయన యజమాని మనసూ మారింది. డబ్బు కట్టి స్వేచ్ఛ పొందమన్నాడు. అలెన్ కట్టెలు కొట్టి, ఇటుకల బట్టీలో పనిచేసి, ఉప్పు బండి తోలి ఆ సొమ్ము చెల్లించారు.

1786లో ఫిలడెల్ఫియా చేరి, సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో తెల్లవారుజామున ఐదు గంటలకు బోధించేవారు. నల్లజాతివారి సంఖ్య పెరిగేకొద్దీ వాళ్ళను ముందు గోడల పక్కకూ, తర్వాత పైనున్న గ్యాలరీకీ పంపారు. ఒక ఆదివారం ప్రార్థన జరుగుతుండగానే, మోకరించి ఉన్న అబ్సలం జోన్స్‌ను ఒక ట్రస్టీ పట్టి లేపబోయాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగమని జోన్స్ అడిగినా వినలేదు. ప్రార్థన ముగిశాక నల్లజాతివారంతా ఒక్కటిగా బయటికి నడిచారు. ఇది 1787లో జరిగిందని సంఘ సంప్రదాయం. గ్యాలరీ కట్టిన కాలాన్ని బట్టి 1792 ప్రాంతమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

జోన్స్ ఎపిస్కోపల్ శాఖలో చేరారు. అలెన్ మాత్రం మెథడిజాన్ని వదల్లేదు. సామాన్యుడికి అర్థమయ్యే సాదా బోధ అదేనని ఆయన నమ్మకం. ఒక పాత కమ్మరి కొట్టాన్ని గుర్రాలతో తన స్థలంలోకి లాగించి చర్చిగా మార్చారు. 1794లో మెథడిస్టు బిషప్ ఫ్రాన్సిస్ ఆస్బరీ వచ్చి దాన్ని ప్రతిష్ఠించారు. బేతేలు అంటే దేవుని ఇల్లు.

ఇల్లు వచ్చింది గాని పెత్తనం రాలేదు. ఆస్తి మీదా, బోధకుల నియామకం మీదా హక్కు తమదేనని తెల్ల పెద్దలు పట్టుబట్టారు. చర్చి వేలానికి వచ్చినప్పుడు అలెన్ పదివేల డాలర్ల పైచిలుకు పాడి దక్కించుకోవలసి వచ్చింది. చివరికి 1816 జనవరిలో పెన్సిల్వేనియా సుప్రీం కోర్టు బేతేలు పక్షాన తీర్పు చెప్పింది. ఆ ఏప్రిల్‌లోనే చుట్టుపక్కల రాష్ట్రాల నల్లజాతి సంఘాల ప్రతినిధులు సమావేశమై కొత్త శాఖను స్థాపించారు. అలెన్ తొలి బిషప్ అయ్యారు.

పాలన ఎలా?

నాలుగేళ్ళకోసారి జరిగే జనరల్ కాన్ఫరెన్స్‌దే అన్నిటికన్నా పై అధికారం. పాస్టర్లతోపాటు మామూలు సభ్యుల ప్రతినిధులూ అందులో ఓటు వేస్తారు. బిషప్పులను ఎన్నుకునేదీ, సంఘ నియమావళిని సవరించేదీ అక్కడే. అమెరికాతోపాటు ఆఫ్రికా, కరీబియన్ దేశాలకూ విస్తరించిన ఈ సంఘంలో 20 ఎపిస్కోపల్ జిల్లాలున్నాయి. ప్రతి జిల్లాకూ ఒక బిషప్, ఏటా జరిగే కాన్ఫరెన్సులూ ఉంటాయి. ఏ పాస్టరు ఏ చర్చికి వెళ్ళాలో బిషప్ నిర్ణయిస్తారు.

ఒక విచిత్రం గమనించండి. ఆస్తి కోసం బేతేలు కోర్టుదాకా పోరాడింది. నేడు ఈ సంఘంలోనే స్థానిక చర్చి ఆస్తి మొత్తం శాఖ తరఫున ట్రస్టుగా ఉంటుంది. పాలనా పద్ధతిలో తల్లి సంఘం అచ్చు కొంత మిగిలే ఉంది.

స్త్రీలకు పదవులు ఆలస్యంగా వచ్చాయి. జరీనా లీ అనే ఆవిడ బోధించడానికి 1819లో అలెన్ అంగీకరించారు. మొదటి మహిళా బిషప్‌గా వష్టీ మర్ఫీ మెకెంజీ ఎన్నికైంది మాత్రం 2000లో.

నమ్మకాలు

వెస్లీ ఆంగ్లికన్ల 39 సూత్రాలను 24కి కుదించారు. అమెరికన్ మెథడిస్టులు ఒకటి చేర్చి 25 చేశారు. ఏ.ఎం.ఇ. వారివీ అవే. త్రియేక దేవుడు, విశ్వాసం ద్వారా రక్షణ, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం వీటిలో ముఖ్యం. శిశువులకూ బాప్తిస్మమిస్తారు. దేవుని కృప అందరికీ అందుబాటులో ఉందనీ, నమ్మినవాడి జీవితం పరిశుద్ధతలో ఎదగాలనీ వెస్లీ బోధ. "మానవజాతి మన కుటుంబం" అన్న మాట సంఘ నినాదంలో ఉంది.

మన హైదరాబాదు, వికారాబాదు మెథడిస్టు చర్చిలు కూడా అలెన్ విడిపోయిన ఆ అమెరికన్ తల్లి సంఘం మిషనరీలు నాటినవే. మెదక్ వారివి బ్రిటిష్ మెథడిస్టు మూలాలు. వారు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు.

మనకేమిటి?

ఈ సంఘం తన హక్కుల కోసం ప్రాణాలిచ్చింది. సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో ఉన్న ఇమాన్యుయేల్ ఏ.ఎం.ఇ. చర్చిలో 2015 జూన్ 17న బైబిలు పఠనానికి వచ్చిన తొమ్మిదిమందిని ఒక జాత్యహంకారి కాల్చి చంపాడు. అంతకు యాభై ఏళ్ళ ముందు, 1965 మార్చి 7న, ఓటు హక్కు కోసం సెల్మాలో సాగిన పాదయాత్ర బయల్దేరింది బ్రౌన్ చాపెల్ ఏ.ఎం.ఇ. చర్చి నుంచే. వంతెన దాటుతుండగా పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది.

అదే పౌరహక్కుల గాలిలో, అదే ఏడాది అక్టోబరులో, దేశాలవారీ కోటాలను రద్దుచేసే వలస చట్టం మీద సంతకమైంది. అంతవరకూ ఇండియాకు ఏడాదికి దక్కిన కోటా నూరు మాత్రమే. మనలో డాక్టర్లుగా, ఇంజనీర్లుగా ఈ దేశం వచ్చినవాళ్ళ దారి అప్పుడే వెడల్పయింది. ఆ దారి కోసం దెబ్బలు తిన్నవాళ్ళెవరో మన పిల్లలకు చెప్పడం మన బాధ్యత.