అవయవమిచ్చిన దాతకు అండ ఎవరు?

జంషెడ్‌పూర్: కన్నతండ్రికి తన మూత్రపిండాన్ని దానం చేసిన కుమార్తెగా రోహిణీ ఆచార్య పేరు 2022 డిసెంబరులో దేశమంతటా మారుమోగింది. ఆమె వైద్య విద్యను అభ్యసించింది ఈ ఉక్కునగరంలోని మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాలలోనే. రాష్ట్రీయ జనతాదళ్ అధినేత లాలూ ప్రసాద్ యాదవ్‌కు పశువుల దాణా కేసుల్లో శిక్ష అనుభవించిన కాలంలో రాంచీలోని రిమ్స్ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. ఆయనకు మూత్రపిండాల మార్పిడి తప్పదని తేలినప్పుడు సింగపూర్‌లో స్థిరపడిన రోహిణి ముందుకు వచ్చారు. 2022 డిసెంబరు 5న సింగపూర్‌లో తండ్రీకూతుళ్లకు శస్త్రచికిత్స జరిగింది. అప్పటికి లాలూ వయస్సు 74 సంవత్సరాలు. తానిస్తున్నది ఒక చిన్న మాంసపు ముక్క మాత్రమేనని ఆమె చెప్పిన మాట లక్షలాది మందిని కదిలించింది.

మూడేళ్లు తిరగకుండానే పరిస్థితి తారుమారైంది. 2025 నవంబరులో బీహార్ శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడిన వెంటనే రాజకీయాల నుంచీ, కుటుంబం నుంచీ తప్పుకొంటున్నట్లు రోహిణి ప్రకటించారు. తాను చేసిన కిడ్నీదానాన్ని సైతం కించపరుస్తూ మాట్లాడారని ఆమె బహిరంగంగా ఆవేదన వ్యక్తం చేశారు. ఆ కుటుంబ కలహంలో తప్పొప్పుల విచారణ ఈ వ్యాసం పని కాదు. అయితే ఆ ఆవేదన ఒక ప్రశ్నను దేశం ముందుంచింది. శస్త్రచికిత్స ముగిసి, పొగడ్తలు సద్దుమణిగిన తరువాత దాతను పట్టించుకునేదెవరు?

దానం వెనుక శాస్త్రం

ఒక మనిషి అవయవం మరొకరి శరీరంలో నిలిచి పనిచేయగలదని తొలిసారి నిరూపితమైంది 1954 డిసెంబరు 23న. అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ ముర్రే ఒకే పోలిక గల కవలలైన హెరిక్ సోదరుల మధ్య మూత్రపిండ మార్పిడి చేశారు. మూత్రపిండాన్ని పొందిన రిచర్డ్ ఎనిమిదేళ్లు జీవించగా, దాత రోనాల్డ్ 2010 వరకు, అంటే మరో 56 ఏళ్లు జీవించారు. ముర్రేకు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో మూత్రపిండ మార్పిడి విజయవంతమైంది.

మూత్రపిండాలు రెండింటిలో ఒకటి తొలగిస్తే రెండవది క్రమంగా తన పని పెంచుకొని, మునుపు రెండూ కలిసి చేసిన పనిలో దాదాపు 70 శాతాన్ని నిర్వహిస్తుంది. ఆరోగ్యవంతునికి ఇది సరిపోతుంది. కాలేయమైతే, కొంత భాగం కోసి ఇచ్చినా కొద్ది నెలల్లో తిరిగి పెరుగుతుంది. దాతకు రక్తవర్గం, కణజాల సరిపోలిక, మూత్రపిండాల సామర్థ్యం, గుండె, మధుమేహం, రక్తపోటు వంటి పరీక్షలన్నీ చేసిన మీదటనే వైద్యులు అనుమతిస్తారు. చిన్న రంధ్రాల ద్వారా చేసే శస్త్రచికిత్స వలన దాతలు సాధారణంగా కొద్ది రోజుల్లోనే ఇంటికి వెళ్లగలుగుతున్నారు.

అంతమాత్రాన ప్రమాదమే లేదనడం సరికాదు. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం శస్త్రచికిత్స అనంతరం 90 రోజుల్లో మరణించిన దాతలు ప్రతి 10,000 మందికి సుమారు ముగ్గురు. ఆ తరువాతి కాలంలో ఈ సంఖ్య ఇంకా తగ్గింది. 2014లో వెలువడిన మరొక అధ్యయనం దాతల్లో జీవితకాలంలో మూత్రపిండాలు పూర్తిగా విఫలమయ్యే అవకాశం 10,000 మందికి 90గా అంచనా వేసింది. దానం చేయని ఆరోగ్యవంతుల్లో అది 14 మాత్రమే. ముప్పు స్వల్పమే కాని శూన్యం కాదు. అందుచేత దాత ఏటా రక్తపోటు, మూత్ర పరీక్షలు చేయించుకోవడం జీవితాంతం అవసరం.

చట్టం ఏమంటోంది?

పేదల మూత్రపిండాల వ్యాపారం పెచ్చుమీరిన దశలో పార్లమెంటు 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టాన్ని ఆమోదించింది. దీని ప్రకారం 18 ఏళ్లు నిండినవారే సజీవ దాతలు కాగలరు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కుమారులు, కుమార్తెలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు దగ్గరి బంధువులు. 2011 సవరణ ఈ జాబితాలో తాతలు, అవ్వలు, మనుమలు, మనుమరాండ్రను చేర్చింది. రక్తవర్గం కుదరని రెండు కుటుంబాలు దాతలను పరస్పరం మార్చుకొనే వీలు కూడా అదే సవరణ కల్పించింది. బంధువు కాని వ్యక్తి అభిమానంతో ఇవ్వదలిస్తే అనుమతి సంఘం విచారించి, డబ్బు చేతులు మారలేదని నిర్ధారించుకోవాలి. అవయవ వ్యాపారానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా శిక్ష.

2014 నిబంధనల్లోని ఒక అంశం ప్రత్యేకంగా గమనార్హం. దాత మహిళ అయినప్పుడు మరింత జాగ్రత్త వహించాలనీ, ఆమె స్వతంత్ర సమ్మతిని అవయవం పొందే వ్యక్తి కాక వేరొకరు ధ్రువీకరించాలనీ అవి నిర్దేశించాయి. ఈ నియమం ఎందుకు అవసరమైందో గణాంకాలే చెబుతాయి. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 వరకు జరిగిన 36,640 మార్పిడులలో పురుషులు పొందినవి 29,695 కాగా, స్త్రీలు పొందినవి 6,945 మాత్రమే. ఇచ్చేవారిలో మాత్రం భార్యలు, తల్లులే ముందుంటున్నారు. ఇంటిల్లిపాదీ ఆశగా చూస్తుండగా కాదనగలిగే స్వేచ్ఛ కోడలికి, ఇల్లాలికి ఏపాటి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

తెలుగువారికి దగ్గరి సమస్య

జంషెడ్‌పూర్‌లో బిష్టుపూర్, కదమా వంటి ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఉత్తరాంధ్ర మూలాలున్నవి అనేకం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని మూత్రపిండ వ్యాధి వేలాది కుటుంబాలను పీడిస్తున్న సంగతి విదితమే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా వారానికి రెండు మూడు మార్లు డయాలసిస్‌పై బతుకు వెళ్లదీసే రోగికి మార్పిడే మెరుగైన మార్గం. ఒకే ఇంట పలువురికి వ్యాధి సోకే అవకాశమున్న ప్రాంతంలో ఆరోగ్యవంతుడైన దాత దొరకడమే దుర్లభం.

దేశంలో 2023లో 18,378 అవయవ మార్పిడులు జరగగా, మరణానంతరం అవయవాలిచ్చినవారు 1,099 మంది మాత్రమే. అంటే నేటికీ భారమంతా సజీవ దాతలదే. జీవన్మృతుల నుంచి అవయవ సేకరణ పెరిగితేనే ఈ భారం తగ్గుతుంది. తెలుగునాట జీవన్‌దాన్ పథకం ఈ దిశగా కృషి చేస్తోంది. తూర్పు రాష్ట్రాలకు కోల్‌కతాలోనూ, జార్ఖండ్‌కు రాంచీలోని రిమ్స్‌లోనూ సమన్వయ కేంద్రాలు ఏర్పాటయ్యాయి.

దాతల సంక్షేమం విషయంలో అడుగులు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి. అవయవదానం చేసే తన ఉద్యోగులకు 42 రోజుల వరకు ప్రత్యేక సెలవును కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించింది. రోజు కూలిపై బతికే దాతకు ఇటువంటి సెలవు లేదు. కోలుకునే వారాల్లో పోయే కూలి, ఆ పైన ఏటేటా చేయించుకోవలసిన పరీక్షల ఖర్చు అతని నెత్తినే పడుతున్నాయి. రోగికి చేసే చికిత్సలో భాగంగానే దాతకు వేతన నష్టపరిహారం, జీవితాంతం ఉచిత పరీక్షలు కల్పించడం ప్రభుత్వాలకు అసాధ్యమేమీ కాదు.

ఇక దానం చేయదలచినవారు గ్రహించవలసినదొకటి ఉంది. శస్త్రచికిత్స గది తలుపు మూసుకునే వరకు మనసు మార్చుకునే హక్కు దాతకు ఉంది. వద్దనుకుంటే ఆ మాట వైద్యునితో ఏకాంతంలో చెప్పవచ్చు. ఇచ్చిన అవయవాన్ని తిరిగి తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. కనుక అడిగే కుటుంబం ఒకటికి పదిమార్లు ఆలోచించి అడగాలి. తీసుకున్న కుటుంబం దాత ఆరోగ్యాన్నీ, గౌరవాన్నీ కడదాకా కాపాడాలి.